అనుకున్న తప్పు

ఆరోజు పెద్ద డాక్టరమ్మ ఆ తప్పు కావాలని చేసిందా, తెలియక చేసిందా? ఎంత ఆలోచించినా ఎటూ తేలదు. పక్కనే నిలబడి చూసిన సిస్టరుకే తేలలేదు, ఇక విన్నవాళ్ళకేం తేలుతుంది?

వాడకం మానేసిన పాత ఆపరేషన్ గది వాళ్ళిద్దరిదీ. డాక్టరు చదువు ముగించి సర్జరీ శిక్షణకు వెళ్ళబోయే పిల్లలకు డాక్టరమ్మ అక్కడ పాఠాలు చెప్పేది. బల్ల మీద రబ్బరు బొమ్మ. మోచేతుల దాకా కడుక్కోవడం, గౌను దేనికీ తగలకుండా తొడుక్కోవడం, ముడి వెయ్యడం, కాళ్ళు పీకుతున్నా గాయం అంచులు పట్టుకుని కదలకుండా నిలబడటం. అప్పటికే ఆమె మోకాళ్ళు అరిగిపోయాయి. కాస్త కూర్చోండమ్మా అని సిస్టరు స్టూలు జరిపితే, కూర్చుంటే మళ్ళీ లేపడానికి నలుగురు కావాలి అనేది.

అన్నిటికంటే కష్టమైన పాఠం చివరిది. పెద్దవాళ్ళు తప్పు చేస్తుంటే ఆపడం.

"చేతులకి నేర్పడం తేలికే సిస్టరూ. నోటికి నేర్పేసరికి నా తల ప్రాణం తోకకొస్తోంది" అనేది.

అందుకే చివరి క్లాసులో కావాలని ఒక తప్పు చేసేది. ఏ తప్పో ముందే, చేతులు కడుక్కునే తొట్టి దగ్గర సిస్టరుతో అనుకునేది. మధ్యలో మనసు మారి వేరే తప్పు చెయ్యదలిస్తే బల్ల అంచు మీద వేలితో టకటకమనిపించేది. పిల్లలు చూసేవాళ్ళు, గుటకలు మింగేవాళ్ళు, ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు. నోరు మాత్రం పెగిలేది కాదు. ఏళ్ళ తరబడి ఇదే తంతు.

సిస్టరు దగ్గర ఒక మాట కూడా తీసుకుంది. "నిజంగా తప్పు చేసిన రోజున ఈ పాఠాలు మానేస్తాను. నాకు తెలియకపోతే నువ్వే చెప్పాలి. మొహమాటపడ్డావో, ఊరుకోను." ఆపరేషన్లు ఎప్పుడో మానేసిన మనిషికి మిగిలింది ఆ గదొక్కటే. అలాంటి రోజు రాదులే అనుకుని సిస్టరు సరేనంది.

ఆసారి అనుకున్న తప్పు, ఆపరేషన్ చెయ్యాలని గుర్తు పెట్టిన కాలు వదిలేసి రెండో కాలికి కత్తి పెట్టడం. డాక్టరమ్మ గుర్తున్న కాలికే పెట్టింది. మనసు మారిందేమోనని సిస్టరు బల్ల వైపు చెవి పెట్టింది. ఏ చప్పుడూ లేదు. కాసేపటికి, రక్తం పీల్చడానికని గాయం లోపల కుక్కిన గాజ్ గుడ్డ తియ్యకుండానే డాక్టరమ్మ సూది అందుకుని కుట్టడం మొదలుపెట్టింది. సిస్టరు చూసింది. టకటక నేనే వినలేదేమోలే అనుకుని ఊరుకుంది.

గాయం అంచులు పట్టుకున్న అమ్మాయిని తోటివాళ్ళు మూగనోము అని ఏడిపించేవాళ్ళు. ఆ మూగనోమే అంది:

"ఆగండి మేడమ్. గాజ్ లోపలే ఉంది."

"సర్జన్ ఎవరిక్కడ? నువ్వా, నేనా?" గద్దించడం పాఠంలో భాగమే.

"మీరే మేడమ్. అయినా కుట్టనివ్వను." చేతిని గాయానికి అడ్డం పెట్టింది.

డాక్టరమ్మ వంగి చూసింది. ఆ గుడ్డను పట్టకారుతో బయటికి లాగి, అదేమిటో పోల్చుకుంటున్నట్టు కాసేపు అలాగే పట్టుకుంది.

"ఇదే. ఇన్నాళ్ళూ మిమ్మల్ని అడిగింది ఇదే" అంది మెల్లగా. పిల్లలంతా పరీక్షలో నెగ్గామని చప్పట్లు కొట్టారు. మూగనోము ఏడుపూ నవ్వూ కలిసిన మొహంతో బయటికి నడిచింది.

తొట్టి దగ్గర డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూనే ఉంది. ఇవాళ తప్పు మార్చారా అమ్మా అన్న ప్రశ్న సిస్టరు నాలుక చివరిదాకా వచ్చింది. లేదు అంటే ఆ తర్వాత ఏం చెప్పాలో తనకు తెలుసు.

"పర్లేదు, ఆ పిల్ల నెగ్గుకొస్తుంది." డాక్టరమ్మ తల ఎత్తలేదు. "నువ్వేమైనా చెప్పాలా సిస్టరూ?"

"ఏముందమ్మా. గౌన్లు మడతపెట్టొస్తా."

వెళ్ళి మడతపెట్టింది. మడతపెట్టినవే విప్పి మళ్ళీ పెట్టింది. తిరిగి వచ్చేసరికి స్టూలు బల్ల కిందికి నెట్టేసి ఉంది, గది ఖాళీగా ఉంది. రోజూ గుమ్మంలోంచి "పోతున్నానమ్మోయ్, నా కోసం వెతుక్కోకు" అని ఒక కేక వినపడేది. ఆరోజు లేదు.

వరండా చివర, గోడ పట్టుకుని ఒక్కో మెట్టే దిగుతూ కనిపించింది డాక్టరమ్మ. సిస్టరు పిలుద్దామనుకుంది. గుమ్మం దగ్గరే ఆగిపోయింది. డాక్టరమ్మ చివరి మెట్టు దిగి, సంచీ భుజానికి సర్దుకుని, వెనక్కి తిరగకుండానే మలుపు తిరిగింది.