పనసతొనలు, పారబోసిన నీళ్ళు

మే నెలలో ఒక శుక్రవారం ఉదయం ఆరుంబావుకు విజయనగరం స్టేషనులో పలాస వెళ్ళే ప్యాసింజరు ఎక్కాము. ప్రయాణికులం ముగ్గురం: నేను, మా కోడలు సుజాత, ఆమె కూతురు హాసిని. పాపకు ఇరవై రెండు నెలలు. సుజాత మేనత్త కాంతమ్మగారిది ఉద్దానం ప్రాంతం. అక్కుపల్లికి రెండు మైళ్ళు ఇవతల, జీడితోటల మధ్య ఊరు. తోట కాపు మీదుంది, పాపను ఒక్కసారి తీసుకురండి అని ఆమె నెలరోజులుగా ఫోను చేస్తూండగా మూడు రోజుల కార్యక్రమం వేసుకున్నాము. వేసుకున్నాము అనడం మర్యాదకు, వేసినది నేను.

నేను ముప్ఫై మూడేళ్ళు సామాన్యశాస్త్రం బోధించి, ప్రధానోపాధ్యాయినిగా పదవీ విరమణ చేసినదాన్ని. పసిపిల్లలతో ఆ దారిన వెళ్ళదలచినవారికి పనికివస్తుందని ఈ వివరాలు రాస్తున్నాను. ఇందులో నాకు దాచుకోవాలనిపించిన భాగమే వారికి ఎక్కువగా పనికివస్తుంది. అందువల్ల దాచలేదు.

ప్రయాణంలో పాప ఏ వేళకు ఏమి తినాలో ముందుగానే నోటుబుక్కులో పట్టిక గీశాను. ఏడింటికి పాలు, పదింటికి పండు, పన్నెండున్నరకు పప్పన్నం, రాత్రి ఏడున్నరకు పెరుగన్నం. ఎదుటి గడిలో తిన్నది నమోదు చేయాలి. అడుగున ఎర్ర సిరాతో రెండు నియమాలు: బిస్కెట్లు, చిప్సు, చాక్లెట్లు నిషేధం, పండ్లకు పరిమితి లేదు.

"అత్తయ్యా, పండ్లకి కూడా ఇంత అని ఉంటే బాగుంటుందేమో," అంది సుజాత, రైలు కదిలాక.

"పండు ప్రకృతి ఇచ్చిన ఆహారం. దానికి కొలత దేనికి?" అన్నాను.

మా ఇంట్లో నా ఎర్ర సిరా తర్వాత ఎవరూ మాట్లాడరు.

ఆమదాలవలసలో ఇడ్లీ పొట్లాలు కొన్నాము. తిలారు దాటాక ఎదుటి బెంచీ మీది ఒక టెక్కలి ఆవిడ సంచిలోంచి సపోటా తీసి, తొక్క ఒలిచి, పాపకు చూపించింది. "ఏటే బంగారుతల్లీ, తింతావేటి? సూడు, పంచదారలాగుంది." పాప తింది. రెండోది చెయ్యి చాచి అడిగింది. మూడోది తీసుకునేవేళకు బిస్కెట్లమ్మేవాడు వచ్చాడు. మా పాప అటువంటివి ముట్టదని వాడికే కాక పెట్టె అంతటికీ వినబడేలా చెప్పాను. నౌపడ దగ్గర ఉప్పుమడులు ఎండకు తెల్లగా మెరుస్తూంటే సుజాత పాపకు చూపించింది. పాప కళ్ళు సపోటాల సంచి మీదే ఉన్నాయి.

పలాస చేరేసరికి తొమ్మిది నలభై. ఆటోలో కాశీబుగ్గ బస్సు స్టాండుకు పది నిమిషాలు. జీడిపప్పు బట్టీల కాలిన వాసన అక్కడి గాలిలో ఎప్పుడూ ఉంటుంది. వజ్రపుకొత్తూరు బస్సు కోసం ముప్పావుగంట వేచి ఉండగా పదింటి గడి ప్రకారం అరటిపండు పెట్టాను. సపోటాలు ఆ గడిలోకి రావు గనుక పక్కన వేరుగా రాసుకున్నాను.

పదకొండున్నరకు ఊరు చేరాము. కాంతమ్మగారి భర్త లోకనాథంగారు వసారాలో నులకమంచం మీద కూర్చుని ఉన్నారు. ఎడమ మోచేతి దగ్గర నరం తాడులా ఉబ్బి ఉంది. మూత్రపిండాల జబ్బు. వారానికి రెండుసార్లు పలాస ఆసుపత్రికి వెళ్ళి డయాలసిస్, అంటే రక్తశుద్ధి, చేయించుకుంటారు. ఆ ప్రాంతంలో ఈ జబ్బు చూడని వీధి అరుదు. అక్కడి నీళ్ళే కారణమని బయట అంటూంటారు.

"రా సెల్లెమ్మా, రా! మా సిన్న కలెక్టరమ్మ కూడా వొచ్చీసినాదా!" అని పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకున్నారు.

భోజనానికి ముందు తోట చూశాము. జీడితోటలో గింజకే ధర. రాలిన పండును మెలిపెట్టి గింజ తీసి బుట్టలో వేస్తారు. ఎరుపు, పసుపు పండ్లు చెట్టు కింద గుట్టగా మిగిలిపోతాయి. వాటిని ఉప్పునీళ్ళలో కడిగి, ముక్కలు కోసి పిల్లలకు పెడతారు. హాసిని ఒక గిన్నెడు తింది. పన్నెండున్నరకు కాంతమ్మగారు పప్పన్నం మెత్తగా కలిపి తెస్తే పాప తల తిప్పేసింది.

మధ్యాహ్నం వీధిలో నాలుగిళ్ళకు వెళ్ళాము. పసిబిడ్డ మొదటిసారి గడప తొక్కితే ఒట్టి చేతులతో పంపకపోవడం అక్కడి మర్యాద. బిస్కెట్లు వద్దని నేను ముందే చెప్పడంతో ప్రతి ఇంటివారూ పండే పెట్టారు. ఒకరింట పనస కోశారు, ఒకరింట మామిడి పిసికి ఇచ్చారు.

"వదినగారండీ, ఇక సాలు," అన్నారు కాంతమ్మగారు, పాప నాలుగో పనసతొన పట్టుకున్నప్పుడు. "సంటిదాని పొట్ట ఎంతుంతాది, గుప్పిడంత. రెండు ముద్దలు అన్నం పడనీండి."

"అన్నం రోజూ ఉండేదే. ఇంత తాజా పండు మా ఊళ్ళో దొరకదు. తిననివ్వండి," అన్నాను.

సాయంత్రం అక్కుపల్లి సముద్రపు ఒడ్డున తాటిముంజలు. ఏడున్నరకు పెరుగన్నం కూడా పాప ముట్టలేదు. కడుపు నిండి ఉందని సంతృప్తిగా గడి పూరించి పడుకున్నాను.

శనివారం తెల్లవారి అయిదున్నరకు సుజాత లేపింది. పాపకు నీళ్ళవిరేచనం. ఎనిమిదింటిలోగా ఆరుసార్లు అయింది. పొట్ట బిగుసుకుని, మోకాళ్ళు పైకి ముడుచుకుని ఏడ్చింది. అంటిన చోటల్లా చర్మం ఎర్రగా కందిపోయింది. తర్వాత ఏడుపు కూడా తగ్గి, తల్లి భుజం మీద వాడిపోయి పడుకుంది.

ఇరుగుపొరుగు వచ్చారు. మేము ఆసుపత్రికి బయలుదేరుతూంటే కాంతమ్మగారు ఒక సీసాలో నీళ్ళు నింపి సుజాత చేతికివ్వబోయారు. అప్పుడు నేను ఆ మాట అన్నాను.

"ఈ ఊరి నీళ్ళ సంగతి లోకమంతటికీ తెలుసు. తెలిసి తెలిసి పసిదానికి ఇవే పట్టించారు."

అందరూ వినేలా అన్నాను. తరగతిలో చివరి బెంచీకి వినబడే గొంతు అది. అంతటితో ఊరుకోక, సీసా అందుకుని మూత తీసి, నీళ్ళను వాకిట్లోనే పారబోశాను. వసారాలో లోకనాథంగారు చొక్కా గుండీలు పెట్టుకుంటున్న చెయ్యి ఆగింది.

"అయి కొన్న టిన్ను నీళ్ళే వదినగారండీ," అన్నారు కాంతమ్మగారు, నేలకేసి చూస్తూ. "అయినా పాపకని మళ్ళీ మరగబెట్టినాను." ఖాళీ సీసా నా చేతిలోంచి తీసుకుని, సుజాత సంచిలో పెట్టారు.

ఎనిమిదిన్నరకు ఆటో వచ్చింది. అది మాకోసం పిలిచింది కాదు. శనివారం లోకనాథంగారి రక్తశుద్ధి రోజు. ఆయన ఆటో అది. వెనక సీటంతా మాకు వదిలి, ఆయన డ్రైవరు పక్కన ఒక అంచు మీద కూర్చున్నారు. దారిలో పాప మూలిగినప్పుడల్లా వెనక్కి తిరిగి, "ఏటే కలెక్టరమ్మా, మీ మామ్మ నన్ను కొడతాదేటే?" అని నవ్వించబోయారు. పాప నవ్వలేదు. నేను రోడ్డు వైపు ముఖం తిప్పుకున్నాను.

పలాసలో ఆయన ఆసుపత్రి దగ్గర దిగారు. మేము పిల్లల వైద్యుడి వద్దకు వెళ్ళాము. నలభై ఏళ్ళ మనిషి. పాప నాలుక, కళ్ళు చూసి, పొట్ట నొక్కి, ఎన్నిసార్లు మూత్రం పోసిందో సుజాతను అడిగారు. తర్వాత, "నిన్నంతా ఏం తింది?" అన్నారు.

నోటుబుక్కు తెరిచి చదివాను. "సపోటాలు మూడు. అరటిపండు ఒకటి. జీడిపండు ముక్కలు ఒక గిన్నె. పనసతొనలు అయిదు. మామిడిపండు సగం. తాటిముంజలు రెండు." చదువుతూండగా నా గొంతు నాకే తగ్గుతూ వినిపించింది. అయినా చివర చేర్చాను: "బిస్కెట్టు ఒక్కటి కూడా లేదు."

"అన్నం?"

పన్నెండున్నర గడిలో 'నిరాకరించినది' అని ఉంది. ఏడున్నర గడిలోనూ అదే.

"నీళ్ళు పడలేదండి," అన్నాను.

"మీ కోడలు ఏ నీళ్ళు తాగారు?"

"అవే," అంది సుజాత. "నాకేం కాలేదండి."

"జ్వరం లేదు, విరేచనంలో రక్తం లేదు. నాకు ఇది పండ్ల పనే అనిపిస్తోంది మేడమ్. ఒక్కరోజులో ఇంత తీపి వస్తే చిన్నపిల్లల పేగు పీల్చుకోలేదు. మిగిలిపోయిన తీపి పేగులోకి నీళ్ళని లాగుతుంది. అందుకే విరేచనం, గ్యాసు, ఆ నొప్పి. పండు మంచిదే. అన్నం తిన్నాక ఒకటి రెండు ముక్కలు చాలు." ఓఆర్ఎస్ పొట్లాలు ఇచ్చి, చెంచాతో కొద్దికొద్దిగా పట్టమన్నారు. మెత్తటి అన్నం, పెరుగు పెట్టవచ్చన్నారు. మూత్రం తగ్గినా, కళ్ళు గుంటపడినా, మగతగా ఉన్నా వెంటనే తీసుకురమ్మన్నారు. రెండు రోజులు ప్రయాణం వద్దన్నారు. "ఇక్కడే మొదలుపెట్టండి. మరగబెట్టి చల్లార్చిన నీళ్ళు తెచ్చుకున్నారా?"

సుజాత సంచిలోంచి ఖాళీ సీసా తీసి బల్ల మీద పెట్టింది. నా వైపు చూడలేదు. చూసి ఉంటే కొంత తేలికగా ఉండేది.

జీర్ణవ్యవస్థ పటాన్ని, చిన్నపేగు చుట్టలతో సహా, చూడకుండా నల్లబల్ల మీద గీసేదాన్ని. ఇరవై రెండు నెలల పిల్ల పొట్ట గుప్పిడంతే ఉంటుందని చెప్పినావిడను, నాకు అరవై అయిదేళ్ళు వచ్చాక, నలుగురి ఎదుట అవమానించి వచ్చాను.

నర్సు నీళ్ళిచ్చింది. చెంచా తర్వాత చెంచా పట్టగా, పదకొండింటికి పాప కళ్ళెత్తి చూసింది. పన్నెండున్నరకు మూత్రం పోసింది. సుజాత ఏడ్చింది.

ఒంటిగంటన్నరకు మేము ఆసుపత్రికి వెళ్ళేసరికి లోకనాథంగారు చేతికి కట్టుతో, అలసిపోయి బయటికి వచ్చారు. వరండాలో ఆయన ఎదుట నిలబడ్డాను. "అన్నయ్యగారూ, పొద్దున్న నేనన్న మాట తప్పు. పాపకు జబ్బు చేసింది నా చేతి పండ్ల వల్లే."

ఆయన బెంచీ మీద మెల్లగా కూర్చున్నారు. "మాకలవాటే సెల్లెమ్మా. పిల్లనిచ్చీవోళ్ళు కూడా ముందు ఏ నీళ్ళు తాగతారనే అడుగుతారు. నాకేటీ లేదు. కాంతం మాత్రం పొద్దున్న అయిదింటికి లేసి, ఆ నీళ్ళు మరగబెట్టి, గుడ్డలో రెండుసార్లు వడపోసింది. నాకు సెప్పిన మాట దానికి సెప్పు."

అదే ఆటోలో తిరిగి వెళ్ళాము. వాకిట్లో నీళ్ళు ఎండిపోయాయి గాని తడి ఎక్కడ ఉండిందో నాకు తెలుసు. పొరుగువారు పాపను చూడడానికి మళ్ళీ వచ్చారు. వారంతా ఉండగానే, "కాంతమ్మగారూ, తప్పు నాది. మీరు చెప్పినా వినలేదు. నాకు ఒక గ్లాసు నీళ్ళివ్వండి," అన్నాను.

ఆమె లోపలికి వెళ్ళి గ్లాసు తెచ్చారు. "తాగీముందు బుక్కులో రాసుకోండి వదినగారండీ," అన్నారు. "రేపు మీకేటైనా అయితే సూసుకోడానికుంతాది."

ఎవరో కిసుక్కున నవ్వారు. కాంతమ్మగారు నవ్వలేదు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా నిలబడి తాగాను.

మరి మూడు రోజులు ఆ ఇంట్లోనే ఉన్నాము. ఆమె పాపకు మెత్తటి అన్నం వండి పెట్టారు, కందిన చోట కొబ్బరినూనె రాశారు. నాతో అవసరమైనంతే మాట్లాడారు. అది న్యాయమే. నోటుబుక్కు సుజాతకు ఇచ్చేశాను. ఆమె దాన్ని తెరవగా నేను చూడలేదు.

మంగళవారం మధ్యాహ్నం రెండున్నరకు పలాసలో తిరుగు రైలు. బయలుదేరేటప్పుడు కాంతమ్మగారు అదే సీసా నింపి, ఈసారి నా చేతికే ఇచ్చారు.

కోటబొమ్మాళిలో ఎక్కిన ఒకావిడ హాసినికి మామిడిపండు చాచింది. పాప నా ముఖం చూసింది. "వాళ్ళమ్మని అడగండి," అన్నాను. "ఒక్క ముక్క చాలండి, ఇప్పుడే అన్నం తింది," అంది సుజాత.

కాసేపటికి ఆవిడ ఎండకు నాలుక ఎండిపోతోందంటూ నీళ్ళడిగింది. సీసా అందించాను.

"ఏ ఊరినించి వొత్తన్నారమ్మా?" అంది, మూత తిప్పుతూ.

"ఉద్దానం."

మూత మీది వేళ్ళు ఆగిపోయాయి. "వొద్దులెండి, దిగినాక టీ తాగుతాను," అని మర్యాదగానే సీసా తిరిగి ఇచ్చేసింది. నా అంత గొంతు ఆమెకు లేదు, పారబోయనూ లేదు. అయినా ఆ వేళ్ళను నేను గుర్తుపట్టాను. నా వేళ్ళే.

సీసా ఎత్తి తాగాను. మిగిలినవి గ్లాసులో పోసి పాపకు పట్టాను. ఆవిడ మా ఇద్దరినీ చూస్తూనే ఉంది. విజయనగరం ఇంకా గంటన్నర ఉంది.