ఇఫ్తార్ తర్వాత తీసిన నెత్తురు

మా చెల్లెలి కూతురు సుమేరా గురించి రాయమన్నారు. ముందు ఆమె సాధించినవి చెప్పాలి. మా చుట్టాల్లో సగం మందికి అవి తెలియవు, తెలిసిన సగం మంది ఒప్పుకోరు. డోర్నకల్ సర్కారు బడిలో పదో తరగతి ఫస్టు. వరంగల్‌లో ఎమ్మెస్సీ, బంగారు పతకం. ఆరేళ్ళ పరిశోధన, ఆ మీద డాక్టరేటు. పత్రికల్లో నాలుగు వ్యాసాలు, రెండింటిలో ఆమె పేరే ముందు. ఇక నేను, హైదర్‌ను, ఏడో తరగతి చదివి ముప్పై నాలుగేళ్ళు రైల్వే గేటు కాపలా కాశాను. ఒక్కనాడు గేటు ఆలస్యంగా వేయలేదు. మెచ్చుకుంటూ పైనుంచి వచ్చిన కాగితం ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. అదీ ఇక్కడే చెప్పేస్తున్నాను.

మరిపెడలో టైర్ల దుకాణం పెట్టుకున్న మా తమ్ముడు మజర్‌కు ఇవేవీ ఆనవు. టైరుకు గాలి కొట్టేంత సేపట్లో లోకంలోని సంగతులన్నిటికీ తీర్పు చెప్పగల మేధావి వాడు.

"ఏం భాయ్, సూది వెయ్యరాదు, గోలీ రాయరాదు, గిదేం డాక్టరమ్మ?"

"నెత్తుర్ల కణాలను చదువుతాంది రా."

"చదివితే అవి ఏం జెప్తాయట?"

వాడికి చెప్పడం దండగ. చదివేవాళ్ళకు చెబుతాను. మన ఒంట్లో రోగంతో కొట్లాడే కణాల్లో చాలావాటికి శత్రువును చూసి, నేర్చుకుని, తయారవడానికి రోజులు పడతాయి. స్టేషన్ నుంచి ఫోను వస్తే తప్ప కుర్చీలోంచి లేవని గేటుమనిషిలాంటివి అవి. కొన్ని కణాలు మాత్రం పుట్టుకతోనే సగం నేర్చుకుని వస్తాయి. పట్టాల చప్పుడు వినగానే గేటు వేసే రకం. వాటిలో ఒక జాతిని మేట్ కణాలంటారు. నెత్తుటిలో కొద్దిగానే ఉంటాయి. క్షయ రోగుల నెత్తుటిలో అవి ఎంత తగ్గుతాయన్నదే సుమేరా పట్టుకున్న పని.

ఆమె హన్మకొండలో ఒక పరిశోధన సంస్థలో చేరింది. పై అధికారి ప్రొఫెసర్ రాజమల్లు. ఆయన గదిలో ఆయన ఫొటోలే పదిహేడు. నేను కూర్చుని లెక్కపెట్టాను, ఎందుకంటే అక్కడ చూడదగ్గది ఇంకేదీ లేదు. మైక్రోస్కోపులో కన్ను పెట్టి ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తుండదు.

రోగుల నెత్తురు దవాఖానలో దొరికింది. పోల్చి చూడటానికి ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ నెత్తురు కావాలి. చదువుకున్న నగరం కదా, సూది పేరు చెప్పగానే అందరికీ అర్జెంటు పనులు గుర్తొచ్చాయి. ఆ భారం నా మీద వేసుకున్నాను. అప్పుడు రంజాన్ నెల. సూది గుచ్చితే రోజా, అంటే ఉపవాసం, పోదని ఎంత చెప్పినా మావాళ్ళు పగలు చెయ్యి చాపలేదు. అందుకని మండిబజార్ వెనక గల్లీలో, అందరికీ పెద్దదిక్కయిన హుసేన్‌బీ ఇంటి వరండాలో, ఇఫ్తార్ కాగానే తీసేలా ఏర్పాటు చేశాను. ఎనిమిది రోజుల్లో ఇరవై రెండు మంది. ఆ ఏర్పాటు పూర్తిగా నాదే. అప్పుడు చాలా గొప్పగా చెప్పుకున్నాను కూడా.

ఫలితం చూసి రాజమల్లు కుర్చీలో ఆగలేదు. రోగుల్లో కణాలు సగానికి సగం తక్కువ! దీని మీద వ్యాసం ఢిల్లీ సభలో తానే చదువుతానన్నాడు. ఆ వ్యాసం అచ్చయితేనే సుమేరా ఉద్యోగం పొడిగిస్తారు, లేకపోతే నెలాఖరుకు ఇంటికే.

ఆ వారమే ఆమె మా ఇంటికి వచ్చింది. ఇచ్చిన చాయ్ ముట్టలేదు.

"మామూ, హుసేన్‌బీ ఇంట్ల నెత్తురు ఎప్పుడు తీసినం?"

"పొద్దుగూకి మగ్రిబ్ అయినంక. నోట్ల ఖర్జూరం పడ్డంక."

"దవాఖానల?"

"పొద్దున ఎనిమిదికని నువ్వే చెప్తివి గద బేటా."

ఆమె ల్యాబులో పనిచేసే ఇమ్మానుయేలు కూడా పరీక్షకు తన నెత్తురు ఇచ్చాడట. అతనికి రోజా లేదు కాబట్టి పొద్దున్నే ఇచ్చాడు. మనిషి గుండ్రాయిలా ఉన్నాడు, కణాల లెక్క మాత్రం రోగుల లెక్కకు దగ్గరగా వచ్చింది. ఈ కణాలు రోజంతా నెత్తుటిలో ఒకే తీరుగా ఉండవట. పొద్దున తక్కువ, సాయంత్రానికి ఎక్కువ.

"మరి నేను జూసింది రోగమా, గడియారమా మామూ?"

ఆ సాయంత్రం టైము పెట్టింది నేనే.

మర్నాడు ఆమె రాజమల్లు దగ్గరికి వెళితే తోడు వెళ్ళాను. బయట బెంచీ మీద కూర్చున్నాను. తలుపు తెరిచే ఉంది.

"ఎన్ని గంటలకు తీసిన్రని ఎవడడుగుతడమ్మా? ఆ ఒక్క ఇమ్మానుయేలును లిస్టులకెళ్ళి తీసెయ్. అయిపాయె."

"అడగకపోతే తప్పు ఒప్పయితదా సార్?"

"నీ పోస్టు నెలాఖరు దాకనే. యాదికున్నదా?"

"ఉన్నది సార్. మళ్ళ తీస్త."

గేటుమనిషిగా చెబుతున్నాను, ఈ బండి సంగతి ఎవడడుగుతాడులే అనుకునే మనిషిని మా సెక్షన్‌లో ఒక్క షిఫ్టు ఉంచేవాళ్ళు కాదు. అక్కడ మాత్రం పెద్ద కుర్చీలో కూర్చోబెట్టారు.

పండుగ అయిన మూడో రోజు హుసేన్‌బీ గుమ్మంలో నిలబడ్డాను.

"ఏం హైదర్ భాయ్, మా నెత్తురు ఫెయిలయ్యిందా?"

"నెత్తురు కాదు ఆపా, నేను ఫెయిలైన. టైము తప్పు పెట్టిన. ఈసారి పొద్దున్నే ఇయ్యాలె."

ఆమె పడీపడీ నవ్వింది. "ముప్పై నాలుగేండ్లు గడియారం జూసి గేటేసినవు! గీ టైము తెల్వలేదా నీకు?"

నా పెట్టెలోని కాగితం గుర్తొచ్చింది.

"సరె, పిల్లను రమ్మను. ఫజర్ నమాజు చేసుకొని కూసుంటం. నెత్తురిచ్చేదాక చాయ్ సుత తాగం."

ఇరవై రెండు మందిలో పంతొమ్మిది మంది చెయ్యి చాపారు. మొదటి చెయ్యి హుసేన్‌బీదే.

రోగుల్లో కణాలు తగ్గిన మాట నిజమే. కానీ సగం కాదు, మూడో వంతు. రాజమల్లు మాత్రం పాత లెక్కనే ఢిల్లీకి మోసుకుపోయి, నడి ఎండాకాలంలో శాలువా కప్పుకుని తిరిగొచ్చాడు. ఇప్పుడు ఫొటోలు పద్దెనిమిది. సుమేరా పోస్టు పొడిగించలేదు.

ఆమె ఇప్పుడు ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతోంది. సెలవు రోజుల్లో ఇమ్మానుయేలుతో కలిసి అవే కణాలు లెక్కపెడుతోంది. సరిచేసిన లెక్కతో వాళ్ళు రాసిన వ్యాసం ఒక చిన్న పత్రికలో వచ్చింది. పైన చెప్పిన నాలుగింటిలో అదొకటి. అందులో ఒక వాక్యం నాకు తెలుగులో చదివి వినిపించింది: "నెత్తురంతా ఉదయం ఏడు నుంచి ఎనిమిదిన్నర మధ్యనే తీశాం."

మొన్న మజర్‌కు అదే చూపించాను.

"గీ ఒక్క ముక్క కోసం నౌకరీ పోగొట్టుకున్నదా?"

"అవు."

వాడు టైరు వైపు తిరిగాడు. ఆ వాక్యం ఉన్న కాగితాన్ని నేను ఇంటికి తెచ్చి, పెట్టెలో నా మెచ్చుకోలు కాగితం తీసి కింద పెట్టి, దాన్ని పైన పెట్టాను.