సలోమి పేరున్న షీట్

2022 వానాకాలం. కొత్తగూడెం దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో బోటనీ చెప్పేవాణ్ణి. హెర్బేరియం కూడా నేనే చూసేవాణ్ణి. అంటే ఎండబెట్టి అదిమిన మొక్కలను మందపాటి షీట్లకు అంటించి దాచే గది. అందులో ఉన్నవన్నీ అడవి మొక్కలే, సముద్రపు నాచు ఒక్కటీ లేదు.

దమ్మపేట నుంచి రూతమ్మ అనే రిటైర్డ్ నర్సు ఒక రేకుపెట్టె తెచ్చింది. ఆమె తాత, తల్లికి తండ్రి, కోస్తాలో మిషన్ బడి పంతులు. ఒడ్డున నాచు ఏరి, ఆరబెట్టి, మద్రాసులో నాచుల మీద పరిశోధన చేసే ఒక డాక్టరుకు పంపేవాడు. ఏ నాచును ఏ జాతిలో చేర్చాలి, ఏ పేరు పెట్టాలి అని ఇద్దరూ ఏళ్లపాటు ఉత్తరాలు రాసుకున్నారు. రంగును నమ్మవద్దని డాక్టరు రాస్తే, మీరు ఎండినదే చూస్తారు, నేను నీళ్లలో చూస్తానని పంతులు జవాబిచ్చాడు.

పంతులి మొదటి బిడ్డ సలోమి ఏడాది నిండకుండానే పోయింది. ఆ రోజుల్లో దొరికిన ఎర్రనాచును కొత్త జాతి అనుకుని దానికి ఆ పాప పేరు పెట్టాడు. పాపకు ఫొటో లేదు. సమాధి ఎక్కడో ఎవరికీ తెలియదు.

"అమ్మకు ఎనభై తొమ్మిదేండ్లు సార్. కండ్లు కనపడవు. ఆ నాచుకు మా అక్క పేరు ఇంకా ఉన్నదా, కనుక్కొని రా అంటది," అంది రూతమ్మ.

డాక్టరు తిప్పి పంపిన ఆ ఎర్రనాచు షీట్ పెట్టెలోనే ఉంది. పంతులి చీటీ కింద డాక్టరు డిటర్మినేషన్ స్లిప్, అంటే తర్వాత పరీక్షించినవారు తమ నిర్ణయం రాసి అంటించే చీటీ. అందులో వేరే పేరుంది. మైక్రోస్కోప్ కింద చూసి, నాచుల పుస్తకంతో పోల్చాను. డాక్టరు చెప్పిందే సరి. ఇది అప్పటికే వేరే పేరున్న నాచుకే లేతరూపం.

"ఉన్నదని చెప్పుండ్రి సార్. ఆమెకేం తెలుస్తది?" అంది రూతమ్మ.

నేనే వచ్చి చెబుతానన్నాను. నా భార్య పోయి నాలుగు నెలలు. రేషన్ కార్డులో ఆమె పేరు తీయించి వారమే అయింది.

ఆదివారం షీట్ తీసుకుని దమ్మపేట వెళ్లాను. రూతమ్మ తల్లి దీనమ్మ మంచం మీద కూర్చుని ఉంది. జాతి అంటే ఏమిటో చెప్పబోయాను.

"నాన్చకు బిడ్డా. ఉన్నదా, లేదా?"

"శాస్త్రంలో ఆ పేరు నిలవలేదమ్మా."

"అయితే మా నాయిన రాసింది చింపేసిన్రా?"

"లేదమ్మా. మా పనిలో తప్పు పేరునైనా చింపం. కింద ఇంకో చీటీ అంటిస్తాం. ఆయన చీటీ అట్లాగే ఉంది."

"చదువు."

పేరు, ఊరు, దొరికిన చోటు చదివాను. కాలేజీలో నేను అక్కడితోనే చదవడం ఆపేశాను. అడుగున తెలుగులో ఇంకో పంక్తి ఉంది: "పాపను ఎత్తుకుని ఈ ఒడ్డునే నడిచేవాణ్ణి."

రెండోసారి చదివించుకుంది. షీట్ల మీది ఎండిన మొక్కలను నేను ఎవరినీ ముట్టుకోనివ్వను. అయినా ఆమె చేయి పట్టి ఆ నాచు మీద పెట్టాను.

"డాక్టరు ఏమన్నడు?"

రూతమ్మ తీసిచ్చిన ఆయన ఉత్తరం చదివాను. ఇది కొత్త జాతి కాదు, మీ చీటీ నేను తీయలేదు, అడుగు పంక్తి చదివాక రెండు రోజులు మీకు రాయలేకపోయాను అని ఉంది.

"ఆయన గూడ మంచోడే," అంది దీనమ్మ. షీట్ కాలేజీలోనే ఉంచమంది.

డాక్టరుతో ఏకీభవిస్తూ మూడో చీటీ నేను అంటించాను. అప్పటిదాకా పాత చీటీలో తప్పెక్కడుందో మాత్రమే చూసేవాణ్ణి. ఇప్పుడు విద్యార్థులను కొత్త స్లిప్ అంటించే ముందు పాతదాన్ని చివరి మాట దాకా చదవమంటున్నాను.