కంటిపాపలో మనిషి

మా మేడమ్ పోయారని పోయిన నెల పెనుకొండ నుంచి ఫోన్ వచ్చింది. అప్పుడు నేను ల్యాబులో పాఠం చెబుతున్నాను. తెర మీద ఉన్నది ఆమె కన్నే. పిల్లల్ని పంపించేశాను.

ఇదే హిందూపురం కాలేజీలో ఆమె మాకు కంటిని బట్టి మనిషిని గుర్తుపట్టే ప్రోగ్రాములు నేర్పారు. రోజూ పెనుకొండ నుంచి రైల్లో వచ్చి, కళ్లజోడు కొంగుతో తుడుచుకుని, ఒక్కొక్కరి కళ్లలోకి చూసి గానీ హాజరు వేసేవారు కాదు.

నేను ధర్మవరంలో తెలుగు మీడియం చదివినవాణ్ణి. ఐరిస్ అంటే కంటిపాప అనుకుని, నడిమి నల్లచుక్కను మాత్రమే కత్తిరించి పోల్చేలా ప్రోగ్రాం రాశాను. ఎవరి ఫొటో పెట్టినా అందరూ ఒకే మనిషని చెప్పింది. మేడమ్ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు.

"మనుషులంతా ఒకటేనని తేల్చినావు. మంచి మాటే గానీ మార్కులు రావప్పా," అన్నారు. పాప వట్టి కన్నమని, దాని చుట్టూ ఉండే వలయమే ఐరిస్ అని అప్పుడు ఓపిగ్గా చెప్పారు.

మన నల్లకళ్లలో ఆ వలయం మామూలు ఫొటోకు అందదు. కంటికి కనబడని వెలుగుతో తీస్తే అందులోని పోగులు, మడతలు బయటపడతాయి. "నల్లగా ఉండాదని ఏమీ లేదనుకోవద్దు. వెలుతురు మార్చి చూడు," అనేవారు. మొద్దులనిపించుకున్న పిల్లల గురించీ అదే మాట. ఆ మాట వల్లే నేనివాళ ఆమె నిలబడిన చోట నిలబడి పాఠం చెబుతున్నాను.

ఒక్క విషయంలో మాత్రం ఆమె మహా పట్టుదల మనిషి. కన్ను ఎవరిదో వాళ్లు సరేనంటేనే ఫొటో ఉంచాలి. వద్దన్నవాళ్లది వాళ్ల ఎదుటే చెరిపేసేవారు. చదివే రోజుల్లో నేనే తీసిన ఆమె కంటి ఫొటోతోనే మా పాఠం మొదలవుతుంది. ఆమె రిటైరయ్యాక కూడా ఏటా ఫోన్ చేసి అడిగేవాణ్ణి. "ఉంచుకోప్పా," అనేవారు. ఈసారి ఎవరిని అడగాలి? ఉంచుకోవాలని నాకెంత ఆశగా ఉన్నా, అడగకుండా ఉంచుకోలేను.

దినాలకు వెళ్లినప్పుడు ఆమె భర్తను అడిగాను.

"నన్నడుగుతాండావేమప్పా? కన్ను ఆమెది కదా," అన్నారు.

మర్నాడు ఒక్కణ్ణే కూర్చుని ఆ ఫొటో తెరిచాను. ప్రోగ్రాం ఎప్పుడూ వదిలేసే ఆ పాపను పెద్దది చేసి చూశాను. తెల్లటి దీపపు చుక్క పక్కన, కెమెరా పట్టుకుని వంగిన కుర్రవాడి నీడ ఉంది. అది నేనే. ఇన్నేళ్లూ ఆమె కంట్లో నేనున్న సంగతి చూసుకోలేదు.

కాసేపు చూశాను. తర్వాత చెరిపేశాను.