గీత రాని సునీత

పక్క గదిలో ఎవరో ట్యాబ్ అద్దం మీద పెన్నుతో గీస్తున్నారు. ఆ సన్నటి టిక్కుటిక్కు చెవిన పడితే ఇప్పటికీ చేస్తున్న పని ఆపి వింటాను. నరసరావుపేటలో మా డిగ్రీ కాలేజీకి ఆ చప్పుడును మొదట తెచ్చింది సునీత. నాలాగే బోటనీ లెక్చరరు, నాకన్నా పదేళ్లు చిన్నది. ఆమె రాకముందు మా విభాగంలో బొమ్మంటే నాదే. రంగు సుద్దలతో నేను వేసిన కాండం అడ్డకోత బొమ్మను తర్వాతి గంట లెక్చరర్లు నన్ను అడిగి మరీ తుడిచేవారు.

సునీత వచ్చాక ఆ వైభవం ఎన్నాళ్లో నిలవలేదు. ఆమె ట్యాబ్‌లో గీసింది గీసినట్టు తెర మీద పడేది. పువ్వు బొమ్మలో రేకుల పొరను వేలితో పక్కకు తప్పిస్తే లోపలి అండాశయం కనిపించేది. నా పాఠం విన్న పిల్లలే తిన్నగా ఆమె దగ్గరికి వెళ్లి, ఆ బొమ్మలు గ్రూపులో పెట్టమని అడిగేవారు. పైగా ఆమె నన్ను నోరారా అక్కా అని పిలిచేది. మనసారా ద్వేషించే సుఖం కూడా నాకు మిగల్చలేదు.

ఒక మధ్యాహ్నం, ఏదైనా తప్పు దొరక్కపోతుందా అని ఆమె క్లాసు కిటికీ పక్కన నిలబడ్డాను. తెర మీద గీత వంకరటింకరగా ఉంది. ప్రాణం లేచొచ్చింది. తీరా చూస్తే పెన్ను పట్టుకున్నది సునీత కాదు, బొల్లాపల్లి నుంచి బస్సులో వచ్చే నాగమణి. నా క్లాసులో ఒక్కనాడూ నోరు విప్పని పిల్ల. కాండంలో నీళ్లు మోసే నాళాలను బయటికి, ఆహారం మోసేవాటిని లోపలికి వేసింది. అంతా తారుమారు. నేనైతే ఆ క్షణమే తుడిచేసి నేనే గీసేదాన్ని. సునీత ఆ పొరను కాస్త మసకగా చేసి, దాని మీదే మళ్లీ గీయమంది.

"చెరిపెయ్యండి మేడమ్, తప్పు గీశా," అంది నాగమణి.

"ఉండనీయవే. ఎక్కడ తప్పిందో నువ్వే చెప్పు."

ఆ పిల్ల తడబడుతూ, చేతులు తిప్పుతూ, కిటికీ దాకా వినపడేలా చెప్పింది. నాకు సంతోషం కలగలేదు. నా దగ్గర లేవని గొంతు అక్కడ లేచిందని ఒళ్లు మండింది.

ఆ వారమే ఎవరికీ చెప్పకుండా నేనూ ఒక ట్యాబ్ కొన్నాను. నున్నటి అద్దం మీద చెయ్యి నిలిచేది కాదు. స్టాఫ్ రూములో దానితో కుస్తీ పడుతుంటే సునీత చూసింది. నవ్వుతుందనుకున్నాను. తన ఫోన్ తీసి, బోర్డు మీద నా బొమ్మలకు తాను తీసుకున్న ఫొటోలు చూపించింది.

"వీటిని చూసి చానా ఏడ్చానక్కా. మీ గీత నాకీ జన్మకు రాదు. నాకు రాదు గనకే పిల్లల చేత గీయిస్తన్నా," అంది. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని, అద్దం మీద మణికట్టు ఎలా ఆనించాలో నేర్పింది.

మరుసటి ఏడాది ఆమెకు మాచర్ల బదిలీ అయింది. నాగమణి ఇప్పుడు గురజాలలో ఒక స్కూల్లో పాఠాలు చెబుతోంది. మొన్న నన్ను చూడడానికి వస్తే మా క్లాసు పిల్లలకు పరిచయం చేశాను. టీచరు కావాలని ఎందుకు అనిపించిందని ఒకమ్మాయి అడిగింది. నాగమణి నా పక్కనే నిలబడి సునీత పేరు చెప్పింది. గుండెలో చురుక్కుమంది.

ఆ మంట చల్లారుతుందని నేనిప్పుడు ఎదురుచూడడం లేదు. నా ట్యాబ్ మీద పిల్లలు తప్పు గీసినప్పుడు పెన్ను లాక్కోవాలని చెయ్యి లేస్తుంది. చేతులు కట్టుకుని, సునీత అడిగినట్టే అడుగుతాను. ఎవరో ఒకరు లేచి చెబుతారు. వింటూ, వీళ్లలో ఒక్కరైనా ఎప్పుడో ఎక్కడో నా పేరు చెప్పకపోతారా అని ఆశపడతాను.