క్యారియర్ లేని సైకిల్ మీద పొదిలికి

మా బావ భాస్కరరావు పొదిలిలో జూనియర్ కాలేజీ లెక్చరరు. చరిత్ర చెప్పేవాడు. ఒకసారి గుంటూరు వచ్చినప్పుడు పాత పుస్తకాల బండి మీద ఒక విదేశీ పత్రిక కొన్నాడు. అందులో ఎవరో దొరగారు ద్రాక్షతోటల కొండల్లో సైకిల్ తొక్కుతూ, పూటకో పాత ఊరు చూస్తూ, ప్రతి ఊళ్లోనూ వైన్ రుచి చూస్తూ వారం రోజులు సుఖపడ్డాడు.

"మనకేం తక్కువరా? మిరపతోటలు లేవా? కొండవీడు లేదా?" అన్నాడు బావ.

వైన్ మాటేమిటని అడిగాను. వైన్స్ అని బోర్డు పెట్టిన దుకాణాలకి మన ఊళ్లలో లోటు లేదు. వాటిలో దొరకనిది వైన్ ఒక్కటే. పైగా బావ తాగడు.

"సోడా తాగుదాం. ఊరికో సోడా," అన్నాడు.

నోట్‌బుక్ తీసి ఊరికో పేజీ కేటాయించాడు. చూడవలసినది, బస, సోడా ఎలా ఉంది అని గడులు గీశాడు. హైదరాబాదు నుంచి వంపు హ్యాండిల్, గేర్లు ఉన్న పాత రేసు సైకిలొకటి తెప్పించాడు. బయల్దేరేది గుంటూరు నుంచి గనక దాన్ని, నోట్‌బుక్‌నీ మా ఇంట్లోనే పెట్టాడు. నాకు అద్దె సైకిలట. మొదటి ఏడు నాకు లైబ్రరీలో ఆడిట్. రెండో ఏడు ఎండలు. మూడో ఏడు కారణం గుర్తులేదు, కాని ఏదో గట్టిదే చెప్పి ఉంటాను. నాలుగో ఏడు కారణం చెప్పవలసిన అవసరం లేకుండా బావ గుండెపోటుతో పోయాడు.

సంవత్సరీకానికి వారం ముందు అక్క ఫోన్ చేసింది. దారిలో నడిచేందుకని పోయినవాళ్ల పేరిట పంతులుగారికి చెప్పులు, గొడుగు దానమిస్తారు గదా. "మీ బావ చెప్పులేసుకుని వీధి చివరిదాకా కూడా నడిచిన మనిషి కాదు. సైకిలిస్తానని పంతులుగారితో చెప్పాను. దానికి క్యారియరు, స్టాండు వేయించి పట్రా. పంతులుగారు మరీ మరీ అడిగారు," అంది.

నాకు ఇవ్వాలని లేదు. ఆ మాట అక్కతో అనలేదు. తమలపాకుల సంచితో, బియ్యం మూటతో ఆ సైకిల్ పొదిలి వీధుల్లో పోవడం తలుచుకుంటే బాగాలేదు. నాలుగేళ్లు గోడకి ఆనించి ఉంచినవాడికి ఆ బాధ దేనికో నాకే తెలియదు. బస్సు మీద వేసుకుపోతే మూడున్నర గంటల పని. శుక్రవారం పొద్దున్న అయిదున్నరకి, క్యారియర్ వేయించకుండా, తొక్కుకుంటూ బయల్దేరాను. ఆదివారం పదింటికి తంతు. మూడు రోజులు, సుమారు నూట అరవై కిలోమీటర్లు.

ఫిబ్రవరి నెల. హైవేని నాలుగు వరసలు చేస్తున్న రోజులవి, కాబట్టి ప్రస్తుతానికి ఒకటిన్నరే ఉంది. ఎనిమిదింటికి రోడ్డు వదిలి కొండవీటి వైపు తిరిగాను. ఊరి దారిలో సగం రోడ్డు మీద మిరపకాయలు ఆరబోశారు. రోడ్డు వేసింది అందుకేనన్నంత శ్రద్ధగా, అంచులు సరిచేసి, రాళ్లు పేర్చి మరీ. ఆ ఘాటుకి వరసగా పదకొండు తుమ్ములు తుమ్మాను. కాయలు ఏరుతున్న ఒకావిడ తలెత్తింది.

"ఏమయ్యో, తుమ్మితే తుమ్మావు గాని కాయల మీదకి ఎక్కించమాక. బండేమైంది నీకు?"

"ఇదే నా బండమ్మా."

"అయ్యో," అంది. ఏడాదిలో నాకు దక్కిన పరామర్శలన్నిటిలోకీ నిజాయితీగా ఉన్నది అదే.

నోట్‌బుక్‌లో కొండవీడు పేజీలో బావ "రెడ్డిరాజుల కోట. కనీసం రెండు గంటలు" అని రాశాడు. కొండ మొదట్లో మేకలు కాస్తున్న పెద్దాయన నన్ను ఆపాడు. "పైనేముందని పోతావు? రాళ్లు. ఆ రాళ్లు కిందా ఉన్నాయి." చరిత్ర గురించి ఇంత క్లుప్తంగా చెప్పిన లెక్చరరు లేడు. కాలిబాటన గంటసేపు ఎక్కి చూసి వచ్చాను. రాళ్లే. కాని ఒకదాని మీద ఒకటి ఎవరో ఒద్దికగా పేర్చినవి. పెద్దాయన ఆ తేడా చెప్పలేదు. కింద సోడాలో గ్యాసు లేదు. రాశాను.

చిలకలూరిపేట చేరేసరికి ఒంటిగంట. అరకిలోమీటరు ముందే ఊరు తెలుస్తుంది. లారీల్లోంచి రాలిన పత్తి రోడ్డు పక్క తుమ్మముళ్లకి అంటుకుని ఉంటుంది. మిల్లుల దగ్గర మెస్సులో ఇరవై రూపాయల భోజనం, గోంగూర బాగుంది. వెనక టైరు పంక్చరయితే వీధి చివర సైకిల్ షాపుకి నడిపించుకుపోయాను. మేస్త్రీ ట్యూబు సంగతి మరిచిపోయి సైకిల్ చుట్టూ తిరిగాడు.

"కోటప్పకొండకి మొక్కాండీ?"

"కాదు."

"మరి ఉద్యోగమేమన్నా పోయిందా?"

"ఉందండి. సరదాగా వెళ్తున్నా."

నమ్మలేదు. బాధలో ఉన్న మనిషినని నిర్ణయించుకుని పంక్చరు డబ్బుల్లో రూపాయి తగ్గించాడు. "క్యారియర్ లేకుండా సైకిలేంటండీ? పది నిమిషాల్లో బిగిస్తా."

"వద్దండి, బరువు," అన్నాను. నా ఒళ్లోంచి తగ్గవలసిన బరువు ముందు క్యారియర్ బరువెంత? మేస్త్రీ నా పొట్ట వైపు చూశాడు గాని మర్యాదస్తుడు, టైరుకి గాలి కొట్టడం మొదలుపెట్టాడు. పేట సోడా ఫరవాలేదు.

మార్టూరు మీదుగా అద్దంకికి పొద్దుగూకే వేళకి చేరాను. ఒకప్పుడు రాజధాని అని బావ రాశాడు. ఇప్పుడది నాలుగు రోడ్లు కలిసే చోటు. ప్రతి రోడ్డూ వేరే ఊరికి త్వరగా పొమ్మంటున్నట్టు ఉంటుంది. లాడ్జిలో నూట ఇరవై అద్దె. రిజిస్టర్లో "వచ్చిన పని" అనే గడి దగ్గర ఆగాను. గుమాస్తా తొందరపెట్టాడు. "పొగాకు వ్యాపారం అని రాయండి సార్, అందరూ అదే రాస్తారు." రాశాను. వ్యాపారిననుకుని తువ్వాలు ఇచ్చారు. సోడా వెచ్చగా ఉంది.

శనివారం ఆరింటికి గుండ్లకమ్మ దాటాను. వంతెన పెద్దదే, నీళ్లే సర్దుకుని ఒక పక్కగా పోతున్నాయి. పొగాకుని వేడికి ఆరబెట్టే బ్యారన్లు, మెట్టపొలాలు, ఎక్కుడు రోడ్లు. ఆ రోడ్ల మీదే బావ ప్లానులోని లోపం తెలిసింది. గేర్లు మూడే పనిచేస్తున్నాయి, ఆ మూడూ దిగేటప్పుడు పనికొచ్చేవి. రెండు చోట్ల దిగి నడిపించాను. దర్శి చేరేసరికి మధ్యాహ్నం. లాడ్జి ఎదురుగానే సైకిల్ షాపు, గుమ్మానికి అరడజను క్యారియర్లు వేలాడుతున్నాయి. సాయంత్రం దాకా కిటికీలోంచి అవే కనిపించాయి. రెండుసార్లు కిందికి దిగాను. మొదటిసారి సోడా తాగి వచ్చాను. రెండోసారి షాపతనే పలకరించాడు. "క్యారియరా సార్?" "కాదు, టైమెంతయింది?" అన్నాను. నా చేతికి వాచీ ఉంది. అతను దాన్ని చూశాడు, నా మొహం చూశాడు, "అయిదు" అన్నాడు.

ఆదివారం తెల్లవారగానే బయల్దేరి ఎనిమిదిన్నరకి పొదిలి చేరాను. అక్క వాకిట్లో ఉంది. నన్ను కాదు, సైకిల్ వెనక వైపు చూసింది.

"క్యారియరేదిరా?"

"మరిచిపోయాను."

"దారిలో ఎన్ని ఊళ్లు తగిలాయి?"

చెప్పాను.

"అన్ని ఊళ్లలోనూ మరిచిపోయావా?" అని లోపలికి వెళ్లింది.

తంతు బావ తమ్ముడు చేశాడు. దానం వేళకి పంతులుగారు పెరట్లోకి వచ్చి సైకిల్‌ని పెళ్లిచూపులప్పటిలాగా చూశారు. డెబ్బై ఏళ్ల మనిషి, పంచె కట్టు. సైకిల్ పైబారు ఆయన నడుం దాకా ఉంది.

"అమ్మా, స్టాండు లేదు. క్యారియర్ లేదు. స్వయంపాకం మూట నెత్తిన పెట్టుకుని తొక్కమంటారా? అసలు ఈ పంచెతో ఎక్కేదెట్లా?"

"మావాడు మరిచిపోయాడండి," అంది అక్క.

ఆయన నిట్టూర్చి, హ్యాండిల్ మీద చెయ్యి వేసి, నీళ్లు వదిలించుకుని దానం పుచ్చుకున్నారు. "ఇహ ఇది నాది. నేనేం చేసుకోను? ఈ ఇంటివాళ్లకి తిరిగి ఇవ్వకూడదు." నా వైపు తిరిగారు. "మీరేమవుతారు?"

"ఆవిడ తమ్ముణ్ణండి."

"అంటే ఇంటిపేరు వేరు. దోషం లేదు, మీరు తీసుకుపోండి. అమ్మా, నాకు ఆ చెప్పులూ గొడుగూ చాలు." అవి అప్పటికే అరుగు మీద, కాగితం కూడా విప్పకుండా సిద్ధంగా ఉన్నాయి. అవి ఎప్పుడు కొన్నదో అక్కని అడగలేదు.

మూడింటికి బయల్దేరాను. అక్క గిన్నెలో గారెలు కట్టి తెచ్చి పెట్టడానికి చోటు వెతికింది. చివరికి హ్యాండిల్‌కి తగిలించింది.

"అందుకే పెట్టించమన్నాను," అంది. గిన్నె ముడి రెండుసార్లు బిగించింది. "వచ్చే ఏడు కూడా దీని మీదే రా."

దర్శి దాకా తొక్కి, అక్కడ గుంటూరు బస్సెక్కాను. కండక్టరు సైకిల్‌ని పైన కట్టబోతూ క్యారియర్ లేదేమని విసుక్కున్నాడు. ఈ దారిన వెళ్లదలిచినవారు గేర్లు ముందుగా చూయించుకోవాలి, మిరప కల్లాల దగ్గర కళ్లు నలుపుకోకూడదు, లాడ్జిలో పొగాకు వ్యాపారులమని చెప్పాలి. కొండలు ఉన్నాయి, పాత ఊళ్లు ఉన్నాయి. అయితే ఆ సంగతి అక్కడివారికి ఎవరో ఒకరు చెప్పాలి.

సీట్లో కూర్చుని దర్శి సోడా గురించి రాయడానికి నోట్‌బుక్ తీశాను. ఆ తరవాతది పొదిలి పేజీ. అక్కడ రాయవలసిన పని లేకపోయింది. సొంత ఊరు గనక బావ ముందే తాగి నింపేశాడు.

"సోడా ఫరవాలేదు. ఇంతకన్నా మంచిది దారిలో ఎక్కడో ఉండే ఉంటుంది. వాడితో వెళ్లినప్పుడు చూడాలి."

దాని కింద కాస్త చోటుంది. అన్ని ఊళ్లలోనూ తాగి చూశానని, ఎక్కడా లేదని రాశాను.