తాతగారి తుపాకీ చప్పుడు

మా తాతముత్తాతలు హుజూర్‌నగర్ దగ్గర దేశ్‌ముఖులు. తాతగారు బయలుదేరితే తుపాకీ భుజాన ఉండాల్సిందే. గొట్టం, కర్రమొద్దు కలిసేచోట వదులై, నడుస్తుంటే అది టకటకమనేది.

ఆయన పోయాక, 1960ల మొదట్లో, అవ్వకు శుక్లాలతో చూపు పోయింది. ఆపరేషన్ కోసం తుపాకీ అమ్మాలనుకుని, కమ్మరి వీరయ్యతో ఆ వదులు బిగింపించాను.

"ఇగ కదలదు దొరా," అన్నాడు, ఊపి చూపిస్తూ.

ఆ సాయంత్రం అవ్వ పిలిచింది. "మీ తాత వచ్చిండు. కాళ్లకు నీళ్లియ్యిరా."

"తుపాకి గోడకే ఉన్నది అవ్వా. బిగించిన గద."

"మరి గా చప్పుడేంది?"

వసారాలో టకటకమంటూ నడక. నేనూ విన్నాను. గోడ మీద తుపాకీ కదలలేదు.

జడుపెరగని వంశం మాది. అయినా తల ఎత్తకుండానే ఖాళీ గుమ్మంలో నీళ్లు పోశాను. అప్పుడు చప్పుడు ఆగింది. అదేమిటో ఇప్పటికీ నాకు తెలియదు.

మర్నాడు నల్గొండలో ఆ తుపాకీ అమ్మేశాను.